రాసేవాళ్లు వ్యాపార సంఘంలో చేరితే ఏం దొరుకుతుంది?

తెలుగులో రాయాల్సిన పనికి ఇవాళ కొరత లేదు. పురుగుమందుల కంపెనీకి రైతు చేతికిచ్చే కరపత్రం కావాలి. ఆసుపత్రికి రోగి చదివి అర్థం చేసుకోగలిగే అంగీకార పత్రం కావాలి. బిల్డరుకు బ్రోచర్ కావాలి. ముప్పై ఏళ్లుగా ఫ్యాక్టరీ నడుపుతున్న పెద్దాయనకు తన అనుభవాలు పుస్తకంగా రావాలని ఉంటుంది. ఇవన్నీ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. చాలాసార్లు ఆ ఎవరో ఒకరు ప్రింటింగ్ ప్రెస్సులో డీటీపీ చేసే కుర్రాడు, లేదా ఫోన్‌లో ఉన్న అనువాదం యాప్. బాగా రాయగలిగినవాళ్లేమో ఎక్కడో ఢిల్లీ ఏజెన్సీకి పదానికి ఇంత అని లెక్కగట్టి అనువాదాలు చేస్తున్నారు. పని ఇవ్వాల్సినవాళ్లకూ, చేయగలిగినవాళ్లకూ ఒకరి మొహం ఒకరికి తెలియదు.

రాసేవాళ్లు ఏదైనా సంస్థలో చేరాలనుకుంటే సహజంగా సాహిత్య సంస్థ వైపో, రచయితల సంఘం వైపో వెళతారు. అక్కడ దొరికే స్నేహం, చర్చ మరోచోట దొరకవు, వాటిని వదులుకోమని నేను చెప్పను. కానీ అక్కడ ఉండేవాళ్లంతా మనలాగే రాసేవాళ్లు. పని ఇచ్చేవాళ్లు కూర్చునే చోటు వేరే ఉంది. చాంబర్ ఆఫ్ కామర్స్, మర్చంట్స్ అసోసియేషన్, పారిశ్రామికవాడ సంఘం లాంటివి అవి. వాటిలో ఫ్రీలాన్స్ రచయిత చేరడమేమిటి అని చాలామందికి అనిపిస్తుంది. చేరినవాళ్లలో కొందరు నాలుగు నెలలకే ‘ఒక్క ఆర్డరూ రాలేదు’ అని మానేస్తారు. లాభం ఎక్కడుందో తెలియక జరిగే పొరపాటు అది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. సంఘంలో చేరితే మొదట దక్కేది ఆర్డర్లు కావు, సమాచారం. ఎవరు డబ్బు సమయానికి ఇస్తారు, ఎవరు తిప్పుకుంటారు, ఏ వ్యాపారానికి ఏ నెలలో రాతపని పడుతుంది అన్న సంగతులు బయటివాళ్లకు తెలియవు. ఆ తర్వాత దక్కేది బకాయి రాబట్టుకునే బలం. ఆర్డర్లు ఈ రెండింటి వెనక మెల్లగా వస్తాయి.

ఏ సంఘం ఎలాంటిది

వ్యాపార సంఘాలన్నిటినీ ఒకే గాటన కట్టడంతోనే గందరగోళం మొదలవుతుంది. అన్ని రంగాలవాళ్లూ ఉండే పెద్ద చాంబర్లు ఒక రకం. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఫెడరేషన్ హౌస్ నుంచి పనిచేసే ఎఫ్‌టీసీసీఐ (తెలంగాణ వాణిజ్య, పారిశ్రామిక మండళ్ల సమాఖ్య) 1917లో పుట్టింది. ఉమ్మడి రాష్ట్రంలో దాన్ని ఫ్యాప్సీ అనేవాళ్లు. విభజన తర్వాత విజయవాడ కేంద్రంగా ఏపీ చాంబర్స్ ఏర్పడింది. వీటికన్నా వేరే చరిత్ర ఆంధ్రా చాంబర్ ఆఫ్ కామర్స్‌ది. మద్రాసులో తెలుగు వ్యాపారులు 1928లో పెట్టుకున్న ఆ సంస్థ ఇప్పటికీ చెన్నై నుంచి నడుస్తోంది. చెన్నైలో ఉండి రాసుకునే తెలుగువాళ్లకు ఇది గుర్తుంచుకోవలసిన చిరునామా. 2028లో దానికి నూరేళ్లు నిండుతాయి. నూరేళ్ల సంస్థ అంటే పాత మినిట్స్ పుస్తకాలు, ఫొటోలు, ఉత్తరాలు. వాటిని చదివి చరిత్రగా రాయగలిగే మనిషి ఎవరికో ఒకరికి అవసరమవుతుంది.

పెద్ద చాంబర్ వల్ల పరిచయాల పరిధి పెరుగుతుంది, కానీ రచయిత ఆ జనంలో కలిసిపోయి ఎవరి కంటా పడకుండా మిగిలిపోవచ్చు. అందుకే అక్కడ సభ్యత్వం తీసుకోవడంతో ఆగకూడదు, ఏదో ఒక కమిటీలో కూర్చోవాలి. బడ్జెట్‌కు ముందు ప్రభుత్వానికి పంపే వినతిపత్రాలు, మంత్రి వచ్చినప్పుడు ఇచ్చే నోట్, పత్రికలకు పంపే ప్రకటన, అన్నీ కమిటీల్లోనే తయారవుతాయి. పదిమంది వ్యాపారులు గంటసేపు మాట్లాడుకున్నదాన్ని ఒకటిన్నర పేజీలో తేటగా పెట్టగల మనిషిని వాళ్లు మర్చిపోరు. ప్రతిభ చూపించడానికి విజిటింగ్ కార్డు పంచడం కన్నా ఇది చాలా మెరుగైన మార్గం.

రెండో రకం ఒకే వ్యాపారానికి చెందిన సంఘాలు. బిల్డర్లకు క్రెడాయ్, నరెడ్కో ఉన్నాయి. రైస్ మిల్లర్లకు, విత్తన వ్యాపారులకు, మందుల షాపులవాళ్లకు, హోటళ్లవాళ్లకు వేరువేరుగా సంఘాలున్నాయి. మిల్లు లేనివాళ్లకు మిల్లర్ల సంఘంలో సభ్యత్వం రాదు. అసోసియేట్ సభ్యత్వం అనే తలుపు కొన్నిచోట్ల ఉంటుంది, దాన్ని అడిగి తెలుసుకోవాలి. అది లేకపోయినా వాళ్ల వార్షిక సమావేశానికో, ప్రాపర్టీ షోకో వెళ్లవచ్చు. ఒక రంగంలోనే రాయాలని నిర్ణయించుకున్నవాళ్లకు ఈ రకం సంఘాలే ఎక్కువ ఉపయోగం అని నా నమ్మకం.

మూడోది పారిశ్రామికవాడల సంఘాలు. విజయవాడ ఆటోనగర్, హైదరాబాద్‌లో జీడిమెట్ల, చర్లపల్లి లాంటి చోట్ల చిన్న యూనిట్లవాళ్లంతా కలిసి నడుపుకునేవి. ఇక్కడివాళ్లకు పెద్ద ఏజెన్సీని పెట్టుకునే స్తోమత ఉండదు. కానీ కేటలాగ్ కావాలి, ఎగుమతి కోసం కంపెనీ పరిచయం ఇంగ్లీషులో కావాలి, యంత్రాల దగ్గర పనిచేసే తెలుగు, హిందీ, ఒడియా కార్మికులకు అర్థమయ్యే భద్రతా సూచనలు కావాలి. బిల్లు చిన్నదే, కానీ యజమానితోనే నేరుగా మాట్లాడతాం, నిర్ణయం అక్కడికక్కడే అయిపోతుంది.

మహిళలకు ప్రత్యేకంగా ఎలీప్ ఉంది. 1993లో మొదలైన ఈ సంస్థ గాజులరామారంలో మహిళా పారిశ్రామికవేత్తల కోసం ఒక ఎస్టేట్‌నే ఏర్పాటు చేసింది. పచ్చళ్ల నుంచి ఇంజినీరింగ్ విడిభాగాల దాకా తయారుచేసే మహిళలు ఉండే చోట, ప్యాకెట్ మీద రాతకూ వెబ్‌సైట్ మీద రాతకూ పని ఉంటుంది.

చివరి రకం రిఫరెన్సులు ఇచ్చిపుచ్చుకోవడానికే పెట్టుకున్న గ్రూపులు. 1985లో అమెరికాలో ఐవన్ మిస్నర్ మొదలుపెట్టిన బీఎన్‌ఐ వీటిలో బాగా తెలిసినది. వారం వారం పొద్దున్నే సమావేశం, ఒక్కో గ్రూపులో ఒక్కో వృత్తికి ఒక్కరే. వృత్తికి ఒక్కరు అన్న పద్ధతి అంతకు ముందే ఉంది. 1905లో చికాగోలో పాల్ హారిస్ రోటరీని మొదలుపెట్టినప్పుడు అలాగే సభ్యులను చేర్చుకున్నారు. ఒక్కరికే చోటు అంటే ఆ గ్రూపులో రాతపని వచ్చినప్పుడు మీకు పోటీ లేదు. కానీ ఫీజు ఎక్కువ, హాజరు నియమాలు గట్టివి, పైగా మీరు కూడా ఇతరులకు పని చూపించాలి. ఇంట్లో కూర్చుని ఒక్కరే రాసుకునేవాళ్లకు ప్రతివారం ఇతరులకు పని చూపించడం కష్టమే. డిజైనర్, ఫొటోగ్రాఫర్, ప్రింటర్, వెబ్‌సైట్ చేసేవాళ్లు ఎప్పుడూ టచ్‌లో ఉండే రచయితకు మాత్రం ఇది నడుస్తుంది.

డబ్బు సంగతి

ఫ్రీలాన్స్ రచయితల టెన్షన్ ఎక్కువగా పని దొరకడం గురించి కాదు, చేసిన పనికి డబ్బు రావడం గురించి. ‘వచ్చే వారం చూద్దాం’, ‘సార్ ఊళ్లో లేరు’ అన్న మాటలు వినని రచయిత ఉండరు. విచిత్రంగా, ఇందులో చట్టం మనవైపు చాలా గట్టిగా ఉంది. అది మనకు వర్తిస్తుందనే చాలామందికి తెలియదు. వ్యాపార సంఘాల్లో ఉండేవాళ్లు దీని గురించి రోజూ మాట్లాడుకుంటారు, ఎందుకంటే వాళ్లకూ బకాయిలున్నాయి.

చిన్న సంస్థలను కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ 2020 జులై 1 నుంచి అమల్లో ఉంది. ఇది ఫ్యాక్టరీలకే కాదు, సేవలు అందించే ఒంటరి మనిషికి కూడా. ఆధార్, పాన్ ఉంటే ఇంట్లో కూర్చుని ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితంగా చేసుకోవచ్చు. డబ్బు అడిగే వెబ్‌సైట్ ఏదైనా ప్రభుత్వానిది కాదు. 2025 ఏప్రిల్ నుంచి టర్నోవర్ 10 కోట్ల లోపు, పెట్టుబడి రెండున్నర కోట్ల లోపు ఉంటే సూక్ష్మ సంస్థే కాబట్టి, రాసి బతికేవాళ్లమంతా అందులోకి వచ్చేస్తాం.

2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) అభివృద్ధి చట్టం ప్రకారం, ఇలాంటి సంస్థ దగ్గర పని చేయించుకున్నవాళ్లు ఒప్పందంలో రాసుకున్న గడువులోగా డబ్బు కట్టాలి, ఆ గడువు 45 రోజులు దాటకూడదు. గడువేదీ రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీతో కట్టాలి. ఉదాహరణకు బ్యాంకు రేటు 6 శాతం ఉంటే వడ్డీ ఏడాదికి 18 శాతం. ఇవ్వకపోతే ప్రభుత్వ పోర్టల్ ద్వారా, ఇలాంటి బకాయిల వివాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లవచ్చు. కౌన్సిల్ తీర్పు మీద కోర్టుకు వెళ్లాలంటే అవతలివాళ్లు ఆ మొత్తంలో 75 శాతం ముందు డిపాజిట్ చేయాలి. కేసు 90 రోజుల్లో తేలాలని చట్టంలో ఉన్నా ఆచరణలో ఎక్కువే పడుతుంది.

దీనికి తోడు ఆదాయపు పన్ను చట్టంలో 2023లో ఒక మార్పు తెచ్చారు. సూక్ష్మ, చిన్న సంస్థలకు పై గడువులోగా డబ్బు కట్టకపోతే, కట్టిన ఏడాదిలోనే దాన్ని ఖర్చుగా చూపుకోవాలి. అంటే మార్చి 31 నాటికి మీ బిల్లు గడువు దాటి పెండింగులో ఉంటే మీ క్లయింటుకు ఆ ఏడాది పన్ను పెరుగుతుంది. కాబట్టి బిల్లు మీద ఉద్యమ్ నంబరు రాయండి. యజమాని దాన్ని పట్టించుకోకపోయినా ఆయన ఆడిటర్ పట్టించుకుంటారు. పని మొదలుపెట్టేలోపే రిజిస్టర్ చేసుకోవడం ముఖ్యం. తర్వాత చేసుకుని పాత బిల్లులకు ఈ రక్షణ అడిగితే వివాదమవుతుంది, ఇలాంటివి సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి.

ఈ చట్టాలు ఇంటర్నెట్‌లో చదివినా తెలుస్తాయి కదా, సంఘం ఎందుకు అనవచ్చు. పాతిక వేల బకాయికి ఏ రచయితా మళ్లీ పని ఇవ్వాల్సిన క్లయింటు మీద కౌన్సిల్‌కు వెళ్లరు. వెళితే ఆ డబ్బు రావచ్చు, ఆ క్లయింటు మాత్రం పోతారు. ఇద్దరూ ఒకే సంఘంలో ఉంటే పద్ధతి వేరు. కార్యదర్శి ఫోన్ చేసి ‘ఆ అమ్మాయి బిల్లు ఇంకా పెండింగులో ఉందటగా’ అని ఒక్క మాట అంటే చాలాసార్లు పనైపోతుంది. వ్యాపారికి నలుగురిలో పేరు ముఖ్యం. చట్టం వెనక ఉంటే, ఈ మాట ముందు ఉంటుంది. ఒంటరిగా పనిచేసే ఫ్రీలాన్సర్‌కు లేనిది ఈ ముందు ఉండే మాటే.

ఇంకా ముందు దశలో దొరికే లాభం మరొకటి ఉంది. కొత్త క్లయింటు వచ్చినప్పుడు, అతనితో ఇదివరకే పనిచేసిన ప్రింటరునో, ఫ్లెక్సీలు చేసే అతన్నో మెల్లగా అడగవచ్చు. ‘మంచివాడే, కానీ అడ్వాన్స్ తీసుకునే మొదలుపెట్టు’ అన్న సలహా ఎంతో నష్టాన్ని ఆపుతుంది. ఊళ్లో వ్యాపారం చేసేవాళ్లంతా వాడుకునే ఈ సమాచారం రాసేవాళ్ల దాకా రావడం లేదు, అంతే.

అక్కడే నేర్చుకునే నియమాలు

రంగం తెలిసిన రచయితకూ తెలియని రచయితకూ రేటులో తేడా ఉంటుంది. ఆ తెలివిడి సంఘాల సెమినార్లలో దొరుకుతుంది. బిల్డర్ల సమావేశంలో రెండుసార్లు కూర్చున్న రచయితకు 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం తెలుస్తుంది. ప్రకటనలో రెరా నంబరు తప్పనిసరి. బ్రోచర్‌లోని తప్పుడు మాట నమ్మి డబ్బు కట్టి నష్టపోయిన కొనుగోలుదారుకు బిల్డరు పరిహారం ఇవ్వాలి. ‘మెట్రోకు అయిదు నిమిషాలు’ అని రాయమన్నప్పుడు, ‘ఇది నిజమేనా సార్, మీ మీదికే వస్తుంది’ అని అడగగల రచయితను బిల్డరు వేరుగా చూస్తాడు.

పురుగుమందుల కరపత్రాలు కూడా అంతే. ఇంగ్లీషు, హిందీతో పాటు ఆ మందు అమ్మే ప్రాంతపు భాషలో ఉండాలన్నది నిబంధన. కాబట్టి తెలుగు నేలమీద ఆ పని ఎప్పుడూ ఉంటుంది. ఎకరానికి మోతాదు, విరుగుడు, పిచికారీ చేసేటప్పుడు జాగ్రత్తలు, వీటిలో ఒక్క అక్షరం తప్పినా రైతు ప్రాణానికే ముప్పు. హైదరాబాద్‌లో మనుషుల మీద ఔషధ పరీక్షలు నిర్వహించే సంస్థలున్నాయి. పరీక్షలో పాల్గొనే మనిషికి అర్థమయ్యే భాషలో అంగీకార పత్రం ఉండాలని 2019 నిబంధనలు చెబుతున్నాయి. తెలుగులో ఉన్నదంతా అర్థమయ్యే తెలుగు కాదని అలాంటి పత్రం ఒకటి చదివినవాళ్లెవరికైనా తెలుస్తుంది. ఈ పనిని బాగా చేసేవాళ్లు ముందుకు రావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. డబ్బు ఒక్కటే అందుకు కారణం కాదు.

కాపీరైట్ గురించి కూడా ఒక మాట. వ్యాపారులతో పనిచేసేటప్పుడు ‘డబ్బిచ్చాం కాబట్టి రాత మాదే’ అంటారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగి కాని రచయిత రాసినదానికి మొదటి హక్కుదారు రచయితే. హక్కులు బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే అయిదేళ్లకు, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికి అని చట్టం అనుకుంటుంది. బ్రోచర్‌కు ఈ తగాదా అక్కర్లేదు, హక్కులు రాసి ఇచ్చేయండి. కానీ ఒక పారిశ్రామికవేత్త జీవితకథో, సంస్థ చరిత్రో రాసినప్పుడు పేరు ఎవరిది, రెండో ముద్రణ సంగతేమిటి, ఇంగ్లీషు అనువాదం ఎవరిష్టం అన్నవి ముందే కాగితం మీద పెట్టుకోవాలి. చాంబర్లలో లాయర్లూ సభ్యులుగా ఉంటారు. ఒక ఒప్పందం నమూనా రాయించుకుంటే ఏళ్ల తరబడి పనికొస్తుంది.

ఉచితంగా రాయమంటే

సంఘంలో చేరిన రచయితకు మొదట ఎదురయ్యేది ఇదే. ‘మీరు రచయిత కదా, సావనీర్ చూసిపెట్టండి.’ సావనీర్ అంటే సంఘం వేడుకకు వేసే ప్రత్యేక సంచిక. అధ్యక్షుడి సందేశం నుంచి ప్రకటనల ప్రూఫ్ దాకా అన్నీ చూడాలి. రెండు నెలలు రాత్రిళ్లు కూర్చోవాలి. సేవ కింద మొదటి ఏడాది ఒప్పుకుంటే రెండో ఏడాది డబ్బు అడగడం దాదాపు అసాధ్యం.

నా సలహా ఏమిటంటే, చిన్నది, హద్దులున్నది, మీ పేరు కనిపించేది ఒకటి ఉచితంగా చేయండి. సంఘం నెలవారీ పత్రికలో ఒక పేజీ శీర్షిక అలాంటిది. ప్రతి నెలా ఒక సభ్యుడి వ్యాపారం గురించి రాస్తే, ఆ సాకుతో ఆయన ఫ్యాక్టరీకి వెళతారు, గంట కూర్చుంటారు, ఆయన పని మీకు అర్థమవుతుంది, మీ పని ఆయనకు కనిపిస్తుంది. సావనీర్‌కు మాత్రం కొటేషన్ ఇవ్వండి. అందులో ప్రకటనలు అమ్మి డబ్బు వసూలు చేస్తారు, ప్రెస్సుకు బిల్లు కడతారు. రాసినవాళ్లకు కట్టకపోవడానికి కారణం లేదు. ఈ మాట మర్యాదగా, మొదటి రోజే చెప్పాలి. ‘సభ్యులకు నా రేటులో ఇంత తగ్గింపు’ అంటే ఎవరూ నొచ్చుకోరు.

సంఘంలో ఎవరితో పరిచయం పెంచుకోవాలన్నదాని మీద కూడా నాకు గట్టి అభిప్రాయం ఉంది. వేదిక మీద కూర్చునే పెద్దల చుట్టూ జనం ఎక్కువ. రచయితకు పని తెచ్చిపెట్టేవాళ్లు కింద వరసల్లో ఉంటారు: చార్టర్డ్ అకౌంటెంట్లు, ప్రింటర్లు, చిన్న యాడ్ ఏజెన్సీలవాళ్లు, తండ్రి వ్యాపారంలోకి కొత్తగా వచ్చిన కొడుకులు, కూతుళ్లు. ఆ కొత్త తరానికి వెబ్‌సైట్ మార్చాలనీ, తెలుగు వీడియోలు చేయాలనీ ఉంటుంది. అకౌంటెంట్‌కు యాభై మంది క్లయింట్ల అవసరాలు తెలుస్తాయి.

ఫీజు కట్టే ముందు

చాలా సంఘాలు ముందు అతిథిగా ఒకటి రెండు సమావేశాలకు వెళ్లి చూడటానికి ఒప్పుకుంటాయి. ఒప్పుకోకపోతే అక్కడే ఆగిపోవచ్చు. నియమావళి అడిగి తీసుకోండి. వ్యక్తిగత సభ్యత్వం ఉందా, ఓటు హక్కు ఉందా, సభ్యుల డైరెక్టరీ చేతికిస్తారా, డైరెక్టరీలో మీ వృత్తి పేరు ఎలా వేస్తారు అన్నవి చూసుకోవాలి. ‘ఇతరములు’ కింద వేస్తే ఎవరూ వెతకరు. ఫీజుకు జీఎస్టీ అదనంగా ఉండవచ్చు, మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోతే అది తిరిగి రాదు. సేవల మీద ఏడాది ఆదాయం 20 లక్షలు దాటనంతవరకు సాధారణంగా ఆ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఏ సంఘంలో రాజకీయాలు ఎక్కువ, ఏ సంఘం ఎన్నికలప్పుడు రెండుగా చీలుతుంది అన్నది కూడా ఈ సమావేశాల్లోనే తెలిసిపోతుంది.

కథలు, కవిత్వం, పత్రికల వ్యాసాలు మాత్రమే రాసేవాళ్లకు ఇందులో పెద్దగా ఏమీ దొరకదు. నెలకు ఒకటి రెండు సాయంత్రాలు కేటాయించలేనివాళ్లకు కూడా ఇది డబ్బు దండగ. ఒకే విదేశీ క్లయింటుతో చేతినిండా పని ఉన్నవాళ్లు ఆ క్లయింటు పోయాక కాకుండా, ఉన్నప్పుడే చేరడం మంచిది. అవసరంలో ఉన్న మనిషి మాటలో తొందర కనిపిస్తుంది, వ్యాపారులు దాన్ని వెంటనే పసిగడతారు.

చిన్న ఊళ్లలో ఉండేవాళ్లకు మాత్రం పద్ధతి కొంచెం వేరు. నిజామాబాద్‌లో పసుపు, గుంటూరులో మిర్చి, ప్రొద్దుటూరులో బంగారం, సిరిసిల్లలో మరమగ్గాలు, పోచంపల్లిలో ఇక్కత్, ఇలా ప్రతి ఊరికీ ఒక సరుకు, ఆ సరుకు చుట్టూ ఒక సంఘం ఉంటాయి. అక్కడ రచయితకు సభ్యత్వం అనే ఏర్పాటే ఉండకపోవచ్చు. ఉన్నా అవసరం లేదు. ఆ సంఘం కార్యదర్శిని కలిసి, వాళ్ల దగ్గర ఇప్పుడున్న కరపత్రమో, ఆన్‌లైన్‌లో చీర కింద రాసిన నాలుగు వాక్యాలో తీసుకుని, తిరగరాసి చూపిస్తే చాలు. చేనేత సహకార సంఘాల చీరలకు ఇంగ్లీషులో రాసిన వివరాలు చూస్తే ఎంత పని మిగిలి ఉందో అర్థమవుతుంది. నేతకు పట్టిన రోజులు, రంగు అద్దిన తీరు, నూలు నంబరు చెప్పకుండా ‘అందమైన సంప్రదాయ చీర’ అని వదిలేస్తున్నారు. ఆ వివరాలన్నీ మగ్గం దగ్గర అడిగితే నేతన్నలే చెబుతారు. ఊళ్లో ఉన్న రచయితకు ఆ మగ్గం వీధి చివరే ఉంటుంది, ఢిల్లీ ఏజెన్సీకి ఉండదు.